మా ఇంట్లో పొగ తాగేది ఒక్కడే

ఇప్పుడు మేముంటున్న గజపతినగరంలో మేం చూపించుకునే డాక్టరు గారికి ముందు గదిలో మందుల షాపు ఉంటుంది, వెనక గదిలో ఆయన కూర్చుంటారు. మొన్న నాన్నకి బీపీ చూపించడానికి తీసుకెళ్ళి, పిలిచేదాకా ఆ ముందు గదిలో బెంచీ మీద కూర్చున్నాం. ఎవరో ఒకాయన వచ్చి, సిగరెట్టు మానడానికి నమిలే బిళ్ళలు కావాలని అడిగి, షాపతను ఇచ్చిన అట్టలోంచి అక్కడికక్కడే ఒకటి నొక్కి తీసి నోట్లో వేసుకున్నాడు. గదంతా పుదీనా వాసన. నాన్న లేచి వెళ్ళి బయట ఎండలో నిలబడ్డాడు. ఎందుకు లేచాడో నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఆ వాసన కొన్ని నెలలపాటు మా ఇంట్లో చారులో కూడా వచ్చేది.

మాది భావనపాడు. నాన్న బోటు మీద వేటకి వెళ్ళేవాడు, నాన్నని కన్న మామ్మ ఎండుచేపలమ్మేది, అమ్మ వీళ్ళిద్దరికీ నాకూ వండిపెట్టేది. చలికాలం పొద్దున్నే ఇసక మీద వల పరిచి నెత్తళ్ళు ఆరబోస్తే ఎండెక్కేసరికి కళ్ళు తెరవలేనంతగా మెరిసేవి, కాకుల్ని తోలడానికి నన్ను కూర్చోబెడితే నేను కాకుల్ని వదిలేసి పీతల బొరియల్లో పుల్లలు పెడుతూ తిట్లు తినేదాన్ని. ఎండాకాలం సరుగుడు తోటల అవతల జీడిమామిడి పళ్ళు కోసుకు తిని గౌనంతా మరకలు చేసుకునేవాళ్ళం, ముంజలు తినీ తినీ కడుపునొప్పి తెచ్చుకునేవాళ్ళం, గంగమ్మ పండగకి అమ్మ వండే పాకం గారెలకోసం పొయ్యి దగ్గరే తచ్చాడేవాళ్ళం. అన్నిటి మీదా ఎండుచేపల వాసన ఉండేది. బట్టలకి, దుప్పట్లకి, బడి పుస్తకాలకి కూడా అదే వాసన, దానిలోనే కలిసిపోయి మామ్మ పొగాకు వాసన.

మామ్మ అడ్డపొగ తాగేది. మా వైపు తెలియని వాళ్ళకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోటి లోపలికి పెట్టుకుని పెదాలు మూసేయడాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల, చల్లటి కొస బయట. సముద్రపు గాలికి ఆరిపోదు, బూడిద చేపల మీద పడదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మామ్మ అలా చుట్ట పెట్టుకునే చేపలు ఏరేది, బేరం చేసేది, అమ్మని సాధించేది. సగం కాల్చిన చుట్టని ఆర్పి రొంటిన దోపుకునేది. మా వీధిలో మామ్మ ఈడు ఆడవాళ్ళు చాలామంది అంతే. మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు వాళ్ళ ముక్కుల్లోంచి మాత్రం సన్నగా పొగ వచ్చేది. ఆడపిల్లలం సరుగుడు పుల్లలు విరిచి, ఒక కొస నోట్లో పెట్టుకుని, తలల మీద ఖాళీ గంపలెత్తుకుని, మాట్లాడీ మాట్లాడకుండా మామ్మల ఆట ఆడేవాళ్ళం. అందరికంటే నేనే బాగా చేస్తానని మామ్మ మురిసిపోయేది.

నాన్నవి మాత్రం సిగరెట్లు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయనకి దగ్గు పట్టుకుంది. వల లాగితే ఆయాసం, రెండు మెట్లెక్కితే ఆయాసం. వేట ఆపేసే వేసవి నెలల్లో పనిలేక ఇంకా ఎక్కువ తాగడం మొదలుపెట్టాడు. మామ్మ పోరు పెట్టి, అమ్మనీ నన్నూ వెంటేసుకుని, ఆయన్ని టెక్కలిలో ఒక డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇలాగే తాగితే ఇంకొన్నాళ్ళకి సముద్రం మాట మర్చిపోవాలని నెమ్మదిగానే చెప్పాడు. మానడానికి సాయం చేసేవి ఏమేం ఉన్నాయో కూడా చెప్పాడు. ఒంటికి అంటించుకునే పట్టీలున్నాయి, మింగే మాత్రలున్నాయి, నమిలే బిళ్ళలున్నాయి. శ్రీకాకుళంలో జిల్లా ఆసుపత్రికి వారం వారం వెళ్తే కూర్చోబెట్టి ఊరికే మాట్లాడి ధైర్యం చెబుతారు కూడా.

ఊళ్ళో సంతకొచ్చిన సరుకుని తట్టి చూసినట్టు మామ్మ ఒక్కోదాన్నీ తట్టి చూసింది. పట్టీ ఉప్పునీళ్ళకీ చెమటకీ నిలవదంది. మాత్రల కోర్సు ధర వినేసరికి అమ్మ మొహం పాలిపోయింది. శ్రీకాకుళం వారం వారం వెళ్ళడమంటే బస్సు చార్జీలతో పాటు ఒక రోజు వేట పోయినట్టే. బిళ్ళలైతే డబ్బున్నప్పుడు ఒక్కో అట్టా కొనుక్కోవచ్చు. "బిళ్ళలియ్యి బాబూ, మిగిలినయ్యన్నీ మావల్ల కాదు" అని మామ్మ తేల్చేసింది.

రాస్తూ రాస్తూ డాక్టరు తలెత్తి, ఇంట్లో ఇంకెవరైనా పొగ తాగుతారా అని అడిగాడు.

"నేదు బాబూ. మా ఇంట్లో పొగ తాగీది ఈడొక్కడే" అంది మామ్మ.

అమ్మ తల ఊపింది. మామ్మ రొంటిన సగం కాల్చిన చుట్ట ఉంది. ఆవిడ అబద్ధం ఆడలేదు, మేమూ దాచలేదు. మాకు పొగ తాగడమంటే మగవాళ్ళు గాల్లోకి వదిలేదే. టీవీలో సినిమాకి ముందు భయపెట్టే ప్రకటనల్లోనూ మగవాళ్ళే దగ్గేవారు. ఆడవాళ్ళు పనిచేసుకుంటూ నోట్లో పెట్టుకునే చుట్ట మాకు ముక్కుపుడక లాంటిది, వయసుతో పాటు వచ్చి చేరేది. ఈ మాట ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నా, ఆ గదిలో అమ్మ తల ఊపడం తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం చచ్చిపోతుంది.

బిళ్ళలకి డబ్బు పెట్టింది మామ్మే. వానల్లో చేపలు ఎండవు కాబట్టి అప్పుడు ఎండు నెత్తళ్ళకి మంచి రేటు వస్తుంది. అందుకని ఆవిడ ఏటా కొంత సరుకు వెదురు బుట్టల్లో దాచి ఉంచేది. ఆ ఏడు వానల దాకా ఆగకుండా, అడిగిన ధరకి తెగనమ్మేసింది. అట్టలు తెచ్చి అమ్మ చేతికిస్తే, చీమలు పట్టకుండా అమ్మ వాటిని పోపుల డబ్బాలో పెట్టింది. అప్పటినుంచి మా జీలకర్రకి పుదీనా వాసన, మా చారుకి పుదీనా వాసన. నాన్న మొదట వాటిని పిల్లలు బబుల్‌గమ్ నమిలినట్టు నమిలి, ఎక్కిళ్ళు తెచ్చుకుని, బోటు మీద అందరిచేతా నవ్వించుకున్నాడు. తర్వాత డాక్టరు చెప్పినట్టు కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవడం నేర్చుకున్నాడు. ఆయన చెయ్యి చొక్కా జేబు తడుముకుంటే చాలు, మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, "ఒసే గుంటా, మీ నాన్నకి బిళ్ళట్రా" అని నన్ను పరుగెత్తించేది.

నాన్న మానేశాడు. దగ్గు తగ్గింది, పాటలు కూడా పాడేవాడు. మామ్మ గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, వీధంతా బెల్లం పంచి, నా కొడుకు మొండోడు, మానెత్తానన్నాడు మానేసినాడు అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

అప్పటికే ఆవిడ కారం తినడం మానేసింది. అంగిలి మండుతోందని చేపల పులుసు పక్కకి నెట్టి గంజన్నం తాగేది. ఒకరోజు సాయంత్రం అందరం అన్నాల దగ్గరున్నప్పుడు నాన్నవైపు చెయ్యి చాపింది.

"ఒరే, ఆ బిళ్ళ నాకొకటియ్యిరా. నాను కూడా మానెత్తాను."

నాన్న పకపకా నవ్వాడు. "నీకెందుకే అమ్మా? నువ్వేటి సిగరెట్టు తాగుతన్నావేటి? నీకు పళ్ళే నేవు, దేంతో నమల్తావు?"

అమ్మ నవ్వింది. నేను అన్నం పొలమారేదాకా నవ్వాను. అందరికంటే ఎక్కువ మామ్మే నవ్వి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ అమ్మిన సరుకుతో కొన్న బిళ్ళలు ఆవిడ చేతికందే దూరంలో, పోపుల డబ్బాలో ఉన్నాయి. చెప్పకుండా తీసుకోవచ్చు కూడా. తన కొడుక్కి ఒకటి తక్కువవుతుందని ముట్టుకోలేదు. ఆవిడ సరదాకి అడిగిందని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. సరదాకి అడిగేవాళ్ళు అలా చెయ్యి చాపి కూర్చోరు.

రెండేళ్ళ తర్వాత మా బడిలో పళ్ళ డాక్టర్లు ఉచితంగా చూస్తారంటే అమ్మ మామ్మని తీసుకొచ్చింది. వరసలో ఆడవాళ్ళంతా నోరు తెరవమంటే కొంగడ్డం పెట్టుకుని సిగ్గుపడుతున్నారు. మామ్మ నోట్లోకి టార్చి వేసిన కుర్ర డాక్టరు ఇంకో డాక్టర్ని కూడా పిలిచి చూపించాడు. చుట్ట మానమని ఎవరూ చెప్పలేదా అని అమ్మని అడిగాడు.

"సుట్టే కదా బాబూ" అంది అమ్మ. ఆ మాట సగంలో ఉండగానే తనకే అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

విశాఖలో ఆపరేషను చేశారు. అంగిలిలో క్యాన్సరు పుండున్నంత మేర తీసేసి, ఆ కన్నం మూయడానికి పళ్ళ సెట్టు లాంటి బిళ్ళ అమర్చారు. మాట ముక్కులోంచి వచ్చేది. నాన్న ఆసుపత్రి ఎదురుగా ఉన్న షాపుకి వెళ్ళి పట్టీలు, నమిలే బిళ్ళలు, ఏవి దొరికితే అవి ధర అడక్కుండా సంచీ నిండా కొనుక్కొచ్చి ఆవిడ మంచం మీద పెట్టాడు. మామ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, నాన్నని దగ్గరికి రమ్మని, అందరికీ వినబడేలా మేలమాడింది.

"నీకయితే అంత డబ్బు పోస్తే గాని మాన్నేదు. నన్ను సూడు, పైసా ఖర్సు నేకుండా మానేసినాను."

నాన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి. తిరిగి వానలు పట్టేవరకూ మామ్మ ఉంది, గంజి తాగుతూ, వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, ఎండబోసిన చేపల మీద నన్ను కాకుల్ని తోలమని ముక్కుతో అరుస్తూ.

ఇప్పుడు భావనపాడు వెళ్తే ఇసక మీద చేపలు ఆరుతూనే ఉన్నాయి గాని, నోరు మూసుకుని ముక్కుల్లోంచి పొగ వదిలే మామ్మలు కనబడరు. కొందరు మానేశారు, ఎక్కువమంది పోయారు. ఆడపిల్లలకి మామ్మల ఆట ఏమిటో కూడా తెలియదు. అది పోయినందుకు సంతోషించాలి, సంతోషిస్తున్నాను. ఆ పొగాకు వాసన కోసం ఒక్కోసారి మామ్మ పాత చీర ముక్కు దగ్గర పెట్టుకుంటాను, వెంటనే సిగ్గేసి మడతపెట్టేస్తాను. ఊళ్ళో ఎవరైనా నాన్నని మెచ్చుకుంటూ సిగరెట్టు మానిన మగాడని అంటే ఆయన అక్కడినుంచి లేచి వెళ్ళిపోతాడు.

లోపలికి పిలిస్తే నాన్నని ఎండలోంచి తీసుకొచ్చాను. డాక్టరు గారు బీపీ చూసి, మందులు రాస్తూ, పొగ తాగే అలవాటేమైనా ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. ఎప్పుడో మానేశానని నాన్న చెబుతాడనుకున్నాను.

"ఇద్దరం తాగీవోలం బాబూ. నానూ, మాయమ్మా" అన్నాడు నాన్న. "బిళ్ళలు నాకొక్కడికే కొన్నాం" అని కూడా చెప్పాడు.

డాక్టరు గారు అర్థం కాక నావైపు చూశారు. నేను తల ఊపాను.