ఇద్దరి పేర్ల మీద ఇల్లు

దేశం కాని దేశంలో, పారమట్టాలోని నా ఆఫీసుకి మనవాళ్ళు ఇల్లు కొనడానికి వచ్చినప్పుడు ముందు అడిగేది కాంట్రాక్టులో ఏముందని కాదు, మంగళవారం సంతకం పెట్టొచ్చా అని. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో లాయరుగా కంటే పంచాంగంగానే ఎక్కువ పనికొచ్చానేమో అనిపిస్తుంది.

ఆ అన్నదమ్ములు కూడా మంచి రోజు చూసుకునే వచ్చారు. రెండు కుటుంబాలూ కలిసి ఉండడానికి స్కోఫీల్డ్స్‌లో పెద్ద ఇల్లు కొంటున్నారు. లోన్ అన్నదమ్ములిద్దరి పేర్ల మీదే కాబట్టి ఇల్లూ వాళ్ళ పేర్ల మీదే. తమ్ముడి భార్య కూడా వెంట వచ్చింది. ఆమెది ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధుల్ని చూసుకునే చోట, ఉద్యోగం. ఆమె జీతం కూడా ఆ ఇంటికే పోతుందని నాకు తెలుసు.

ఇక్కడ ఇద్దరు కలిసి కొంటే రెండు పద్ధతులున్నాయి. ఎవరి వాటా వాళ్ళకి రాయించుకుంటే, ఒకరు పోయాక అతని వాటా అతని భార్యాపిల్లలకు వెళ్ళేలా చూసుకోవచ్చు. వాటాల్లేకుండా ఉమ్మడిగా రాయించుకుంటే, ఒకరు పోయాక మొత్తం రెండోవాడిదే. వీలునామా రాసినా అది చెల్లదు. ఈ సంగతి మొదలుపెట్టానో లేదో అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంచి పని చేసుకుంటా పోవడాలూ గీవడాలూ ఎందుకు అంకుల్? మా ఇద్దరి మధ్య వాటాలేంటి? జాయింట్‌గా రాసేయండి."

తమ్ముడు అన్న మొహం చూసి తలూపాడు. అతని భార్య నా వైపు చూసింది. ఆ చూపు అర్థం కాక కాదు నేను ఊరుకున్నది. ఆ అన్న నలుగురికీ నా పేరు చెప్పి పంపే మనిషి, అతన్ని నొప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. రెండు పద్ధతులూ వివరించాననీ, వాళ్ళు ఇది కోరుకున్నారనీ లెటర్ రాసి సంతకాలు మాత్రం తీసుకున్నాను. మా వృత్తిలో దీన్ని జాగ్రత్త అంటారు. ఎవరి కోసం జాగ్రత్తో ఎవరూ అడగరు.

మూడేళ్ళు తిరక్కుండానే తమ్ముడు గుండెపోటుతో పోయాడు.

నెల తర్వాత అన్న డెత్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. నా ముందే ఏడ్చాడు, అది దొంగ ఏడుపు కాదు. ఏడుస్తూనే తమ్ముడి పేరు తీయించడానికి ఏమేం కావాలో అడిగాడు. మరదలికి సగం రాసివ్వొచ్చు కదా అన్నాను. స్టాంప్ డ్యూటీ పడుతుందేమో అన్నాడు, ఇంట్లో ఒప్పుకోవాలి కదా అన్నాడు, చివరికి చూద్దాం లెండి అన్నాడు. మనవాళ్ళు చూద్దాం అన్నారంటే ఇక చూసేదేమీ ఉండదు. నేను కాదంటే ఇంకో లాయరు చేస్తాడని నాకు నేనే నచ్చజెప్పుకుని తమ్ముడి పేరు తీసే కాగితం దాఖలు చేశాను. ఒక్క ఫారం, అంతే. ఆ సులువు చూసి కడుపు మండిపోయింది. మండినా ఫీజు తీసుకున్నాను.

తమ్ముడి భార్య ఫోన్ చేస్తే, నేను మీ బావగారి తరఫు లాయర్ని, మీతో దీని గురించి మాట్లాడకూడదని చెప్పి ఇంకో లాయరు నంబరిచ్చాను. కోర్టుకెళితే దారి లేకపోలేదని ఆయన చెప్పాడట. బావగారి పిల్లల్నే తన పాప సొంత అక్కలనుకుంటోందనీ, నాన్న పోయిన పిల్లకి ఆ అక్కల్ని కూడా లేకుండా చెయ్యలేననీ ఆమె కేసు మాట వదిలేసింది.

మొన్న నా ఆఫీసుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. బ్యాగులోంచి అద్దె అగ్రిమెంటు తీసి టేబుల్ మీద పెట్టింది. పాప స్కూలుకి దగ్గర్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అట, పాపతో అక్కడికి మారుతోందట.

"ఇది చదివి చెప్పండి అంకుల్. ఒక్క లైను కూడా వదలద్దు."

వదల్లేదు. గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలనే దాకా అన్నీ చదివాను. ఆమె మధ్యమధ్య ఆపి, అడిగి, చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంది. తలెత్తి ఆమె మొహం చూడటానికి సిగ్గేసింది. అంతా అయ్యాక నోట్‌బుక్ మూయకుండా అడిగింది.

"నాకేమన్నా అయితే పాప సంగతేంటి? అది కూడా చెప్పండి."

చెప్పాను. ఆమె భర్త బతికుండగా, ఈ టేబుల్ ముందు కూర్చున్న రోజున చెప్పాల్సింది, ఇప్పుడు ఆమెకి చెప్పాను.