జ్వరాల ఏడు మా మేనత్త

మొన్న విశాఖలో మా మరిది ఆపరేషనుకని ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే, మెడలో కార్డు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి, "మీతో కాసేపు కూర్చోమంటారా ఆంటీ?" అని అడిగింది. అదే ఆమె ఉద్యోగమట. వద్దనబోయి, జరిగి చోటిచ్చాను. మా మేనత్త గుర్తొచ్చింది.

తొంభైలలో, అరకు దాటాక కొండవాలున ఒక మిషను ఆసుపత్రి ఉండేది. నేనక్కడ నర్సు ట్రైనింగులో ఉన్నాను. మంచం మంచానికీ తిరిగి ప్రార్థన చేయడం అత్త పని. పెళ్లైన కొత్తలోనే మామయ్య పోతే, బైబిలూ గొడుగూ పట్టుకుని ఒంటరిగా కొండెక్కేసిన మనిషి. గొంతు మాత్రం దేవుడివ్వలేదు. ఆవిడ కీర్తన ఎత్తుకుందంటే మెలకువగా ఉన్న రోగులు కూడా దుప్పటి ముసుగేసేవారు. ఆ ఏడు వానలతో పాటు మలేరియా విరుచుకుపడింది. మంచాలు చాలక వసారాలో చాపలు పరిచాం. ఇళ్ల దగ్గరా జ్వరాలే కావడంతో, రోగిని తెచ్చినవాళ్లు దింపేసి వెనక్కి పరిగెత్తేవారు. అంతమంది ఉండీ ఎవరికి వారు ఒంటరే.

ముంచింగిపుట్టు వైపు నుంచి ఒకామెను భర్తా, అతని అన్నా డోలీలో మోసుకొచ్చి, ఇంట్లో పిల్లలు మూలుగుతున్నారని వెళ్లిపోయారు. అత్త గొంతు సవరించుకోగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పాటొద్దమ్మా. కూకో."

"మరేటి సెయ్యమంటావు?"

"నా గుంట గురించి అడుగు."

ఆమె పెద్దకూతురు అంతకు ముందు వారమే జ్వరంతో పోయిందట. అందరూ పడకేసిన ఇంట్లో ఏడవడానికి కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది. అత్త అడిగింది. పనసతొనల కోసం తమ్ముళ్లతో ఆ పిల్ల కొట్లాటలు, సంతలో రిబ్బన్ల కొట్టు ముందు మొరాయింపులు, వాగు దాటేటప్పుడు అమ్మ కొంగు పట్టుకోవడం, అన్నీ చెప్పిందామె. అన్నాల గంట కొట్టినా అత్త లేవలేదు. ఇద్దరూ ఏడుస్తున్నారు.

సాయంత్రం పాస్టరు అయ్యగారు, "ప్రార్థన చేశారా అమ్మా?" అని అడిగితే, "లేదండి, ఆవిడ మాటాడింది," అంది అత్త.

మర్నాడు ఆమెకు స్పృహ తప్పింది. మళ్లీ కళ్లు తెరవలేదు. భర్త వచ్చేసరికి అంతా అయిపోయింది. వసారా గోడకానుకుని, కంట తడి లేకుండా కూర్చున్నాడు. అత్త పక్కనే చతికిలబడి, ఆమె చెప్పినవన్నీ చెప్పసాగింది. ఆగినప్పుడల్లా అతడు, "ఇంకేటి సెప్పింది?" అనేవాడు. చివరికి చెప్పడానికి ఏమీ మిగలలేదు. అయినా అతడు మళ్లీ అడిగాడు. అత్త పనసతొనల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు ఏడిచాడు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. కాలమే దుఃఖాన్ని మాన్పుతుందని అందరూ అంటారు. ఏమో, పక్కన ఎవరైనా కూర్చుంటే తప్ప ఆ కాలం కూడా కదలదని నాకనిపిస్తుంది.