గోడ దాటిన నెట్ వైరు

మొన్న మా ఆఫీసులో ఎవరో పాత కంప్యూటర్ డబ్బా విప్పి దుమ్ము దులిపారు. ఆ పాత దుమ్ము వాసన తగలగానే నేను మళ్లీ ప్రొద్దుటూరులో, ఎండలు ఇంకా తగ్గని జూన్ నెలలో, మా వసారాలో టార్చిలైటు పట్టుకుని కూర్చున్న చిన్నపిల్లనైపోయాను.

అంతకు ముందు మాది ఒకే ఇల్లు. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వాల్చుకుని, పెద్దమ్మ ఉడకబెట్టిన శెనిక్కాయలు ఒలుచుకుంటూ, నేనూ పెదనాయన కూతురు శైలజక్కా అచ్చనగాయలు ఆడుతుంటే, నాయనా పెదనాయనా ఎర్రగుంట్ల వైపు పోయే లారీల మోతలోనే గట్టిగట్టిగా కబుర్లు చెప్పుకునేవాళ్లు. దువ్వూరు చేలో బోరు ఎక్కడ వేయాలన్న దగ్గర మాట పెరిగి, వాకిట్లో గోడ లేచింది. ఆ ఉగాదికి పెద్దమ్మ కాల్చే ఓళిగల వాసన గోడ దాటి వచ్చింది గానీ ఓళిగలు రాలేదు.

అక్క ఇంజనీరింగ్ సీటు కోసం నెట్‌లో కాలేజీలు ఎంచుకోవాల్సిన రోజులవి. ఆమెకు ల్యాప్‌టాప్ ఉంది, నెట్ లైను మాత్రం మా వైపుంది. అడగడానికి పెదనాయనకు నోరు రాదు, పిలిచి ఇవ్వడానికి నాయనకు మొహం చెల్లదు. అక్క నెట్ సెంటర్ల ముందు ఎండలో నిలబడి, వంతు రాక, ఏడుపు మొహంతో తిరిగొచ్చేది.

జమ్మలమడుగులో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా సరళత్త, నాయన చెల్లెలు, సెలవులకు వచ్చి ఇదంతా చూసింది. పెదనాయన అటక మీది పాత కంప్యూటర్ దింపించి, మా వసారాలో నాచేత టార్చిలైటు పట్టించి, లోపలి బల్లిగుడ్లు ఊడ్పించి, నెట్ వైరు పెట్టుకునే కార్డులు ఇంకో రెండు బిగించి, ఏదో సీడీ ఎక్కించింది. "ఇంక దీనికి ఒకటే పని పాపా. ఒక లైన్లో వచ్చే నెట్‌ని రెండిండ్లకు పంచుతాది" అంది.

"పెట్టె నాది, నా ఇంట్లోనే ఉండాల" అన్నాడు పెదనాయన, గోడకు అటుపక్క నుంచి.

"మోడెం ఈడ్నించి కదల్దు" అన్నాడు నాయన, ఇటుపక్క నుంచి.

"మీరిద్దరూ కదలాకండి. వైరు కదుల్తాది" అంది అత్త.

మా మోడెం నుంచి ఒక వైరు గోడ దాటి ఆ పెట్టెలోకి పోయింది, పెట్టెలోంచి ఒకటి అక్క ల్యాప్‌టాప్‌కు పోతే, ఇంకొకటి మా ఇంటికి తిరిగొచ్చింది. అక్క కాలేజీలు ఎంచుకుంటుండగా, సగంలో కరెంటు పోయింది. వచ్చాక ఇటు మోడెం, అటు పెట్టె రెండూ వేయాలి. చెప్పడానికి నేను పరుగెత్తబోతే అత్త నా జడ పట్టుకుని కూర్చోబెట్టింది. నాయన గోడ దగ్గర చాలాసేపు తచ్చాడి, గొంతు సవరించుకున్నాడు.

"న్నా, మోడెం వేసినా. ఆడ పెట్టె వేసినావా?"

అటుపక్క స్విచ్చి టక్కుమంది. తర్వాత, "వేసినా. లైటు వెలగతాలేదు."

"ఎనకపక్క బటన్ చూడు."

"ఆ... వెలిగె."

"శైలూకి వస్తాందా నెట్?"

"వస్తాంది లేరా."

ఆ 'రా' విన్నాక నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయాడు. అక్కకు పులివెందులలో సీటొచ్చింది. ఆ ఏడాదంతా కరెంటు పోయినప్పుడల్లా గోడకు అటూ ఇటూ మాటలు సాగాయి, మెల్లగా అవి నెట్ సంగతి దాటి వానల మీదికి, చేను మీదికి పోయాయి.

ఆ పెట్టె పాత సామాన్లవాడి బండెక్కి చాలా ఏళ్లయింది. వైర్లూ లేవు, ఎవరి జేబులో వాళ్లకు నెట్ ఉంది, గోడ మీదుగా కేకేసి అడగాల్సిన పని ఎవరికీ లేదు. నేను ఫోన్ చేసి, ఏం చేస్తున్నావు నాయనా అంటే, శెనిక్కాయలు నములుతూ, "మీ పెదనాయనతో కొట్లాడతాండా, మళ్లీ చెయ్ మ్మా" అని పెట్టేస్తాడు.