వీధంతా వచ్చింది, బావ తప్ప

అక్క చేసిన ఆఖరి మామూలు పని ప్రెస్సాయనతో దోమ గురించి పోట్లాడటం.

ఎండలు ముదిరి రోడ్డు మీద తారు మెత్తబడే రోజులు. మధ్యాహ్నం క్లినిక్‌లో పేషెంట్లు ఎవరూ లేరు. వానాకాలం పోస్టరు నమూనా ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చింది. అక్క దాన్ని బల్ల మీద పరిచి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను అందుకుంది.

"ఏమయ్యా, దోమను వేయమంటే కాకిని వేశావేంటి?"

అవతల నుంచి ఆయన ఏదో సర్ది చెప్పాడు.

"దూరం నుంచి కనపడాలంటే అక్షరాలు పెద్దవి చెయ్యి, దోమను కాదు. ఇంత దోమను చూస్తే జనం మా దగ్గరికి రారయ్యా, తుపాకీ కొనుక్కుంటారు. తగ్గించు. నీళ్లు నిలిచిన కుండీ బొమ్మ మాత్రం అలాగే ఉండనీ, అది బాగుంది."

ఫోను పెట్టేసి, తలనొప్పిగా ఉందని నర్సుతో అంది. సీసాలో నీళ్లు తాగింది. కాసేపు తల వాలుస్తానని బల్ల మీద చేతులు పెట్టుకుని పడుకుంది. టీ తెచ్చి లేపితే లేవలేదు. ఇదంతా తర్వాత నర్సే నాకు చెప్పింది.

మెదడులో ఒక రక్తనాళం పుట్టుకతోనే బలహీనంగా ఉందనీ, అది చిట్లిందనీ పెద్దాసుపత్రిలో అన్నారు. క్లినిక్‌లో పనిచేసేవాళ్లందరికీ పరీక్షలు చేస్తూనే ఉంటారు. అక్క రక్తపోటు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ముందుగా తెలిసే అవకాశం లేదని డాక్టర్లు మాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. మేము తలూపాం.

అప్పటికి ఆమెకు తీరని కోరిక అంటూ ఉంటే అది ఒక్కటే. బావ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఒక్కసారి రక్తపోటు చూపించుకోవాలి. ఊరి జనాన్ని క్లినిక్ మెట్లు ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఇంట్లో మనిషిని మాత్రం ఎక్కించలేకపోయింది.

ఆ క్లినిక్ ఒక చెప్పుల షాపు పైన ఉంటుంది. మెట్లు సగం దాకా కొత్త తోలు వాసన, అక్కడి నుంచి స్పిరిట్ వాసన. పెద్ద డాక్టరు గారు, ఆయన కోడలు, ఇద్దరే డాక్టర్లు. కోడల్ని అందరూ చిన్న డాక్టరమ్మ అనేవారు. అక్క ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు అడిగి లోపలికి పంపేది. రోడ్డుకు అవతల అద్దాల ఆసుపత్రి ఒకటి తెరిచాక ఈ ముందు గదిలో కుర్చీలు ఖాళీగా కనిపించడం మొదలైంది. అప్పుడే పెద్ద డాక్టరు గారు, కాలానికి తగ్గట్టు ఆరోగ్య ప్రచారం చేద్దామని అక్కతో అన్నారు.

"జబ్బు రాకుండా చూసుకోమని చెబుదాం. వస్తే మన దగ్గరికి రమ్మనీ చెబుదాం. రెండూ ఒకే కాగితం మీద పట్టాలి. నీకు నోరుంది కదమ్మాయ్, నువ్వే చూడు."

"ఈ నోటికి మా ఆయన తిడతారు, మీరేమో పని పెంచుతున్నారు" అందట అక్క.

అప్పటి నుంచి ఆమె ఇంట్లో కాలం ఒక అడుగు ముందుగా నడిచేది. బొమ్మ దొరకాలి, మాటలు కుదరాలి, ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకోవాలి, ప్రెస్సాయన కదలాలి. ఇన్ని జరిగి పోస్టరు గోడకెక్కేసరికి కాలం వచ్చి కూర్చుంటుంది. అందుకని చలికాలంలో శాలువా కప్పుకుని వడదెబ్బ గురించి రాసేది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫ్యాను కింద కూర్చుని వాన జ్వరాల గురించి ఆలోచించేది. "మీ అక్కను టైమెంతని అడక్కు మరదలా, రేపటి టైము చెబుతుంది" అనేవాడు బావ.

నేను వెళ్లినప్పుడల్లా నా మీద ప్రయోగాలు చేసేది.

"ఏమే, 'నీళ్లు బాగా తాగండి' అని రాస్తే నువ్వు తాగుతావా?"

"తాగను."

"మరేం చేస్తే తాగుతావ్?"

"ఎవరైనా గ్లాసు చేతికిస్తే తాగుతా."

ఆ ఎండాకాలం క్లినిక్ మెట్ల కింద నీళ్ల డ్రమ్ము, గ్లాసులు పెట్టించింది. దాని పైన పోస్టరు మీద, 'ముందు ఇది తాగండి. తర్వాత చదవండి' అని రాయించింది. ఎదురుగా ఉన్న బస్‌స్టాపు జనమంతా ఆ డ్రమ్ము దగ్గరికే వచ్చేవారు. తాగినంతసేపు మనిషి ఎలాగూ ఎటో ఒకవైపు చూడాలి కదా, పోస్టరే చూస్తాడు అనేది.

మొదట్లో ఒక పెద్ద పొరపాటు కూడా చేసింది. ఆ పొరపాటే ఆమెకు దారి చూపించింది.

అది చలికాలం పోస్టరు. దగ్గు తగ్గకుండా వారాల తరబడి ఉంటే వచ్చి చూపించుకోమని చెప్పాలి. ప్రెస్సాయన దగ్గర కొనుక్కొచ్చిన ఫొటోలు ఉన్నాయి. మెరిసే పళ్లవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నారు. "వీళ్లు దగ్గుతున్నారా, పళ్ల పేస్టు అమ్ముతున్నారా?" అని అక్క వాటిని పక్కన పడేసింది. జనం తెలిసిన మొహాన్నే చూస్తారని ఆమె నమ్మకం. వీధి మొగలో బేకరీ ఆయన్ను అడిగింది. ఆయనకు కుర్రతనంలో నాటకాల పిచ్చి ఉండేది. చేతిరుమాలు తీసి, కళ్లు బయటికి పెట్టి, మెడ నరాలు ఉబ్బించి దగ్గాడు. ఫొటో తీసేవాడు భయపడి వెనక్కి జరిగాడట.

పోస్టర్లు వీధి పొడవునా వెలిశాయి. వారం తిరక్కుండా బేకరీ ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, నాకు దగ్గు లేదమ్మా! పుట్టి బుద్ధెరిగాక లేదు!"

"తెలుసండీ. మీరే మరీ బాగా దగ్గారు."

"నవ్వకండమ్మా. పొద్దున చేసిన రొట్టె సాయంత్రానికి అరలోనే ఉంటోంది. రోజూ వచ్చేవాళ్లు అవతలి వీధికి వెళ్లి కొనుక్కుంటున్నారు. మా ఆవిడ కూడా మొహం అటు తిప్పుకుని మాట్లాడుతోంది."

గొడవ విని చిన్న డాక్టరమ్మ బయటికి వచ్చింది. "వెంటనే తీసేయించండి అక్కగారూ" అంది.

"ఇప్పుడు తీసేస్తే ఈయనకు దగ్గు ముదిరిందనుకుంటారు డాక్టరమ్మా" అంది అక్క. బేకరీ ఆయన లబోదిబోమన్నాడు.

ఆయనకు నిజంగానే అన్ని పరీక్షలూ చేయించింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పాత పోస్టర్ల మీదే కొత్తవి అంటించారు. అదే మనిషి, చేతిలో రొట్టె, మొహం నిండా నవ్వు. కింద రెండే మాటలు: 'చూపించుకున్నాను. ఏమీ లేదు.'

బేకరీ తేరుకుంది. ఎవరూ అనుకోనిది ఏమిటంటే, దగ్గుతూ ఇళ్లలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే క్లినిక్‌కి రావడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒక ముసలావిడను అక్క అడిగింది, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు పెద్దమ్మా అని. "వస్తే ఏదో ఒకటి ఉందంటారని. రొట్టెలాయనకు ఏమీ లేదన్నారుగా, అందుకని వచ్చా" అందావిడ.

అక్కడి నుంచి అక్క పోస్టర్లలో భయపెట్టే బొమ్మ లేదు. చిన్న డాక్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. అందరికీ ఏమీ లేదని ఎలా చెబుతాం, ఉన్నవాళ్ల మాటేమిటి అంది. ఆ మాట న్యాయంగానే ఉందని అక్క ఒక పద్ధతి పెట్టుకుంది. నిజంగా పరీక్ష అయ్యాకే ఫొటో. ఏమీ లేకపోతే లేదని, ఉంటే 'మందు వాడుతున్నాను, బాగున్నాను' అని. టైలరు, స్కూలు ఆయా, తాళాలు బాగుచేసే తాత, అందరూ ఒక్కో కాలంలో గోడకెక్కారు. ఆ వీధిలో పోస్టరెక్కడం ఒక హోదా అయిపోయింది. నా వంతు ఎప్పుడని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు.

అడగనివాడు బావ ఒక్కడే.

బావది ఫర్నిచర్ షాపులో పని. చెక్క కోసేదీ, కొలిచేదీ, మిగతా పనివాళ్లను కేకలేసేదీ ఆయనే. వాళ్ల నాన్న కూడా అదే షాపులో పనిచేశాడు. చిత్రిక పడుతూ పడుతూ, చెక్క మీదే ఒరిగిపోయాడు. రక్తపోటు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. బావకు ఇప్పుడు ఆ వయసే వచ్చింది. అదే మందపు మెడ, అవే ఎర్రజీరల కళ్లు. పనినుంచి వచ్చి మెడ వెనక చేత్తో రాసుకుంటూ కూర్చునేవాడు. అక్క వంటింట్లోంచి ఆ చేతినే చూసేది.

"నాకు లేని రోగాన్ని మీ డాక్టరు ఎక్కడ నుంచి తెస్తాడే?" అనేవాడు.

ఒకసారి అక్క రక్తపోటు చూసే మిషను ఇంటికే తెచ్చింది. బావ ఆ పట్టీని తీసుకుని భోజనాల బల్ల కాలికి చుట్టి, బల్బు నొక్కి, చెవి ఆనించాడు. "దీనికి బాగానే ఉంది. నేను చేసిందే కదా, టేకు" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. అక్క కూడా నవ్వింది.

ఒక ఆదివారం చెప్పుల షాపు ముందు ఉచిత పరీక్షలు పెట్టారు. బావ పొద్దున్నే వచ్చి బల్లలు వేశాడు, పందిరి గుంజలు పాతాడు, కుర్చీలు మోశాడు. నర్సు ఆయన్ను కూర్చోమంది. "నేను కుర్చీలు మోసేవాణ్ణమ్మా, కూర్చునేవాణ్ణి కాదు" అని మిగతావాళ్లను వరసలో నిలబెట్టడానికి వెళ్లిపోయాడు.

"ఏమండీ, వీధంతా వచ్చింది. మీరొక్కరే మిగిలారు" అంది ఆ సాయంత్రం అక్క.

"ఒకడైనా మిగలాలి కదే. లేకపోతే వచ్చే ఏడాది ఎవరికోసం పోస్టరు వేస్తావ్?"

నేను గిన్నెలు తుడుస్తుంటే వంటింట్లోకి వచ్చి, "మా మామగారు కూడా ఇలాగే జోకులేసేవారట" అంది. ఆ తర్వాత కూడా రోజూ బావ పనికి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర అడుగుతూనే ఉండేది. ఈ రోజు వస్తారా? రేపు చూద్దాంలే. అది వాళ్లిద్దరికీ 'వెళ్లొస్తా' అన్నంత మామూలైపోయింది.

ప్రెస్సాయనతో దోమ పేచీ నడుస్తున్న ఆ వారంలోనే చలికాలం ఆలోచన కూడా నాకు ఫోనులో చెప్పింది.

"ఈసారి మొగుళ్ల మీద పడతానే."

"ఏ మొగుళ్ల మీద?"

"అందరి మీదా. మీ బావ మీద కూడా."

బొమ్మలో ఈసారి మనిషి లేడు. ఖాళీ కుర్చీ, పక్కన బల్ల మీద రక్తపోటు మిషను. కింద, 'మీ ఆవిడ అడుగుతూనే ఉంది. ఒక్కసారి కూర్చోండి.'

చిన్న డాక్టరమ్మ చదివి, "ఇది ప్రచారమా అక్కగారూ, మీ ఇంటి గొడవా?" అందట. "రెండూనండీ" అందట అక్క.

వానాకాలం పోస్టరు అక్క లేకుండానే వచ్చింది. దోమ చిన్నగానే ఉంది. చలి మొదలవుతుండగా చిన్న డాక్టరమ్మ నాకు ఫోను చేసి, ఖాళీ కుర్చీ పోస్టరు వేయనా వద్దా అని అడిగింది. ఒక్క అక్షరం మార్చకుండా వేయమన్నాను. వేశారు. ఆడవాళ్లు మొగుళ్లను మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. కొందరు మగవాళ్లు, ఇంట్లో చెప్పకుండా వచ్చామంటూ ఒంటరిగానే వచ్చారు. ముందు గదిలో కుర్చీలు చాలక చెప్పుల షాపు స్టూళ్లు తెప్పించారని నర్సు చెప్పింది. బావ వచ్చాడా అని అడిగాను. రాలేదంది.

మర్నాడు భోజనాల వేళకు ఫర్నిచర్ షాపుకు వెళ్లాను. బావ ఒక్కడే వెనక గదిలో చెక్కల మీద కూర్చుని క్యారేజీ మూత పెడుతున్నాడు. జుట్టు నిండా రంపపు పొట్టు.

"రా మరదలా, తిన్నావా?"

"తిన్నా. బావా, రేపు పొద్దున నాతో క్లినిక్‌కి రా. ఒక్కసారి. ఉన్నన్నాళ్లూ అడిగింది కదా."

బావ లేచి, పై అరలో ఉన్న మేకుల డబ్బా దించాడు. మేకుల కింద నుంచి మాత్రల పట్టీ తీసి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"ఏంటది?"

"రక్తపోటుది."

"ఎప్పట్నుంచి?"

"చాలా ఏళ్లయింది. ఈ సందు చివర ఒక డాక్టరున్నాడు. భోజనాలప్పుడు వెళ్లొస్తా. మొదటిసారి చూసినప్పుడు ఎక్కువే ఉంది. ఇప్పుడు పర్లేదు."

"మరి ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరు పంపడమేంటి? రోజూ అడిగేది కదా."

"అక్కకెందుకు చెప్పలేదు?"

డబ్బా మూత బిగించి, పైన పెట్టి వచ్చాక చెప్పాడు. "మొదట సిగ్గేసింది. అన్ని జోకులు వేసి, వెళ్లి చూపించుకున్నానంటే ఊరుకుంటుందా? తర్వాతేమో, ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అడుగుతుందేమోనని. చెప్పేద్దామని అనుకుంటూనే ఉన్నా."

ఆయన పని కుర్రాళ్లు తిరిగి వస్తున్నారు. నేను లేచాను. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఆ మాత్ర ఒక్క పూట కూడా మానలేదని చెప్పాడు. ఇంట్లో కనపడకూడదని షాపులోనే ఉంచేవాడు. ఆదివారం షాపుకు సెలవు. ఆ రోజు కూడా భోజనం కాగానే తాళాలు తీసుకుని ఇక్కడికి వచ్చి, వేసుకుని వెళ్లేవాడట.