లాగౌట్ బాబాయ్

కిర్రు, కిర్రు, కిర్రు. ముందు ఆ చెప్పుల చప్పుడు వచ్చేది, దాని వెనకే ఆయన. అది వినపడగానే మా కాలేజీలో ఎంతటివాడైనా కంప్యూటర్‌లో లాగౌట్ చేశానా లేదా అని గుర్తు చేసుకునేవాడు. లైబ్రరీలో కంప్యూటర్ల గది చూసుకునే ఆయన్ని మేమందరం లాగౌట్ బాబాయ్ అనేవాళ్ళం. లాగౌట్ చేయకుండా లేచి వెళ్ళిపోయినవాణ్ణి ఆయన భూమ్మీద ఎక్కడున్నా వదిలేవాడు కాదు.

బస్సెక్కి టికెట్ తీసుకున్నవాణ్ణి దింపించాడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకు పడుకున్నవాణ్ణి లేపుకొచ్చాడు. ఒకసారి ప్రిన్సిపాల్‌నే మీటింగులోంచి పిలిచి, "ఇంటికి తాళం వెయ్యకుండా ఊరెళ్తారా సార్?" అని అడిగాడు. ప్రిన్సిపాల్ వెంట నడిచొచ్చి, ఒక్క మీట నొక్కి వెళ్ళాడు.

నాకు ఒళ్ళు మండేది. టీకి లేచినా లాగౌటే, కిటికీ దగ్గరికెళ్ళి తుమ్మినా లాగౌటే. మళ్ళీ పేరు, మళ్ళీ పాస్‌వర్డ్. ఈలోగా మనసులో వాలిన వాక్యం పిట్టలా ఎగిరిపోయేది. రెండు నిమిషాలకి కొంపలేం మునగవు బాబాయ్ అంటే, మునిగాక నన్నే తిడతావు అనేవాడు.

ఆ ఏడాది కామెర్లతో రెండు నెలలు మంచాన పడ్డాను. థీసిస్‌లో ఆఖరి అధ్యాయం మిగిలిపోయింది. ఆఫీసువాళ్ళు దయతలచి పది రోజులు గడువు పెంచారు. లాగిన్ మాత్రం పాత తేదీకే ఆగిపోతుందట. నాకు కావలసిన పరిశోధన పత్రికలన్నీ ఆ లాగిన్ వెనకే ఉన్నాయి. అంటే రాయడానికి గడువిచ్చారు, చదవడానికి ఇవ్వలేదు. ఇదెక్కడి న్యాయమని నిలదీస్తే, రూలు అంతేనమ్మా అని గుమాస్తా కిటికీ మూసేశాడు.

ఆ కోపమంతా తెచ్చి బాబాయ్ మీద కుమ్మరించాను. ఆయన అంతా విని, ఆ తేదీ ఎప్పుడని మాత్రం అడిగాడు.

పాత తేదీ సాయంత్రం. చివరిసారిగా లాగౌట్ నొక్కబోతుంటే ఆయన అరచెయ్యి తెరకి అడ్డం వచ్చింది.

"ఉండనీ అమ్మాయ్. ఆ రూలు కొత్తగా వచ్చేవాళ్ళనే ఆపుతుంది. ముందే లోపలున్నవాళ్ళని గెంటదు."

ఈయనకేమైనా జ్వరమా అనుకున్నాను.

మర్నాడు పొద్దున నా కంప్యూటర్ మీద ఒక అట్టముక్క: 'పాడైంది. ముట్టుకోవద్దు.' కుర్చీలో ఆయన గొడుగు. తెర మీద నా పేరు, నా పత్రికలు, నిన్న వదిలిన వాక్యం ఎక్కడివక్కడే ఉన్నాయి. రాత్రిళ్ళు ప్లగ్గులన్నీ పీకే వాచ్‌మన్‌ని బతిమాలి ఆ ఒక్క ప్లగ్గూ తీయకుండా ఉంచాడట. నేను టీకి లేచినప్పుడు తెర ఎక్కడ నల్లబడుతుందోనని మౌస్‌ని ఉయ్యాలలా ఊపుతూ కూర్చునేవాడు. దీనికేమైందని ప్రిన్సిపాల్ అడిగితే, "జబ్బు సార్, కదపొద్దన్నారు" అన్నాడు. మిగతావాళ్ళని మాత్రం ఎప్పటిలాగే గేటు దాకా తరిమాడు.

పదో రోజు మధ్యాహ్నం థీసిస్ ఆ గుమాస్తా చేతిలోనే పెట్టాను. ఒళ్ళు దూదిలా తేలికైంది. గేటు దాటుతుంటే వెనక నుంచి కిర్రు, కిర్రు, కిర్రు. బాబాయ్ రొప్పుతూ వచ్చి ఆగాడు. నీ మేలు మర్చిపోలేనని ఏదో చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపాడు.

"అవన్నీ తర్వాత. పనైపోయింది కదా, ముందొచ్చి లాగౌట్ చేసి పో."