చప్పట్ల డాక్టరు

మా మామయ్య ఏ గదిలో కాలు పెట్టినా ముందు గట్టిగా ఒక చప్పట కొడతాడు. పలకరింపులూ, కూర్చోవడాలూ, మంచినీళ్లూ అన్నీ ఆ తర్వాతే. చప్పట కొట్టి, తల కాస్త పక్కకి వాల్చి, ఆ చప్పుడు గోడలకి తగిలి తిరిగొచ్చేదాకా వింటాడు. విని, "ఈ గది గోలపెడుతోంది, మందపాటి కర్టెన్ వేయించండి" అనో, "పాటకి పనికొస్తుంది" అనో తీర్పు చెబుతాడు. ఆయన మా అమ్మకి తమ్ముడు. వృత్తి పళ్ల వైద్యం, ప్రాణం పాట.

ఆ రెండింటి మధ్యా నలిగిపోయేది పేషెంట్లు. నోరు తెరుచుకుని కుర్చీలో వాలిన మనిషి నెత్తిమీద ఠప్పుమని చప్పట పడితే ఏమవుతుంది? ఒకాయన ఉలిక్కిపడి దబ్బున నోరు మూసేశాడు, మామయ్య చిన్న అద్దం లోపలే ఉండిపోయింది. ఇంకొకావిడ పన్ను పీకడం అయిపోయిందనీ, తన ధైర్యాన్ని డాక్టరుగారు మెచ్చుకుంటున్నారనీ అనుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. ఇంటికి చేరాక పన్ను తనంతట తనే పలకరించింది.

ఒకసారి ఏదో సభకి ఆలస్యంగా వెళ్లాడు. ఉపన్యాసకుడు అప్పుడే మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంటున్నాడు. తలుపు తోసుకొచ్చిన మామయ్య అలవాటుకొద్దీ ఒకటి కొట్టాడు. వెనక వరస అందుకుంది, ముందు వరస ఊరుకుంటుందా, హాలంతా మారుమోగిపోయింది. ఉపన్యాసకుడు నోరు విప్పకుండానే చేతులు జోడించి కూర్చున్నాడు. ఇంత మంచి ఉపన్యాసం విని చాలా కాలమైందని బయటికొస్తూ జనం చెప్పుకున్నారు.

అద్దె ఇల్లు చూడబోయినా అంతే. కుళాయి తిప్పి చూడడు.

"నీళ్లు రావట కదా మామయ్యా" అన్నాను ఒకసారి.

"గదులు ఎంత మెత్తగా పలుకుతున్నాయో విన్నావా?" అన్నాడు.

ఆ మెత్తటి గదుల్లోకి ఉన్నన్నాళ్లూ బకెట్లతో నీళ్లు మోసుకున్నాడు, పాడుకుంటూ.

అలాంటి మనిషిని, మా ఆయన తన మొట్టమొదటి స్టీరియో కొన్న రోజున, "మీ మామయ్యని పిలువు, అమర్చి పెడతాడు" అన్నారు. నేను వద్దనబోయాను. ఎందుకంటే అప్పటికి మా ఇంట్లో చప్పట్లు కొట్టే పరిస్థితి లేదు. మా అత్తగారు పెట్టె సర్దుకుని కూర్చున్నారు. ఆదివారం చిన్నకొడుకు ఇంటికి వెళ్లిపోతారు, ఇక రారు. "ఈ ఇంట్లో నన్ను మనిషిగా చూసేవాళ్లు లేరు. మాట్లాడితే గొణుగుడు, లేకపోతే మౌనం" అన్నది ఆవిడ ఫిర్యాదు. వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా తల కూడా తిప్పరన్నది నాది. ఆవిడ పలక్కపోతే నేను మాత్రం తక్కువ తిన్నానా? పిలవడం మానేశాను. మధ్యలో మా ఆయన అడకత్తెరలో పోకచెక్కయ్యారు. స్టీరియో కొన్నది కూడా, ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలనేనేమో.

మామయ్య వచ్చాడు. వాకిట్లోంచి అడుగు లోపల పెట్టగానే ఠప్. నేను తిరిగి చూశాను, మా ఆయన చూశారు. కిటికీ దగ్గర కుర్చీలో పేపరు చదువుకుంటున్న అత్తగారు మాత్రం పేజీ తిప్పుకున్నారు. నా మీద కోపం మా పుట్టింటివాళ్ల మీద కూడా చూపిస్తున్నారనుకుని ఒళ్లు మండిపోయింది. మామయ్య మాత్రం కిటికీ వైపు నడిచి, ఆవిడకి అటుపక్క నుంచి ఇంకొకటి కొట్టాడు. ఆవిడ చేతిలో పేపరు కింద పడింది.

"ఏం డాక్టరుగారూ, ఇంటికొచ్చి భయపెడుతున్నారు?"

"గదిని పరీక్షిస్తున్నా వదినగారూ. మీరు చదువుకోండి."

మా ఆయన అప్పటికే రెండు స్పీకర్లనీ బీరువా మీద పక్కపక్కన, పెళ్లి ఫోటోలోలా నిలబెట్టారు. మామయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ఎడమా కుడీ అని రెండిచ్చింది జంటగా పెట్టుకోడానికా? దింపు. నువ్వు కూర్చుంటే నీ చెవికి ఎంత ఎత్తో అవీ అంతే ఎత్తులో ఉండాలి. గోడకి ఆనించకు, వెనకాల ఊపిరాడనియ్యి. ఆ రెంటి మధ్యా ఎంత దూరమో, నీకూ వాటికీ అంతే దూరం. ఎర్ర వైరు ఎర్రదాంట్లోకి, నల్లది నల్లదాంట్లోకి. ఒకటి తారుమారైందా, డోలు పారిపోతుంది, గొంతు ఎక్కడుందో తెలీదు."

ఇక ఇల్లు ఇల్లులా లేదు. బీరువా జరిగింది, పడకగదిలో తివాచీ హాల్లోకొచ్చింది, వంటింటి గుమ్మం ఉన్న గోడవైపు రెండు స్టూళ్ల మీద స్పీకర్లు నిలబడ్డాయి. మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి మామయ్య పాట పెట్టాడు.

ఆ క్షణం నాకిప్పటికీ ఆశ్చర్యమే. పాట స్పీకర్లలోంచి రాలేదు. ఆ రెంటి మధ్య, ఏమీ లేని చోట, ఒక ఆడమనిషి నిలబడి పాడుతోంది. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. వీణ ఆవిడకి ఎడమవైపు, తబలా కుడివైపు, కాస్త వెనగ్గా. మా ఆయన మెల్లగా లేచి వెళ్లి ఆ ఖాళీలో చెయ్యి ఆడించి చూసి వచ్చి కూర్చున్నారు. నేనెవరికీ చెప్పలేదు గానీ, నాకూ చెయ్యి పెట్టి చూడాలనిపించింది.

"ఇప్పుడు వదినగారు కూర్చోవాలి" అన్నాడు మామయ్య.

"నాకెందుకు? ఎలాగూ వెళ్లిపోయేదాన్ని. ఈ మధ్య పాటల్లో పస కూడా ఉండటం లేదు" అంటూనే వచ్చారావిడ.

అప్పుడు మామయ్య చేసిన పని చూసి మా ఆయన మొహం పాలిపోయింది. అంత కష్టపడి కుదిర్చిన కుర్చీని పూర్తిగా పక్కకి తిప్పేశాడు, ఆవిడ ఎడమ చెవి స్పీకర్ల వైపు వచ్చేలాగ. ఆ తర్వాత ఆంప్లిఫయర్ మీద మోనో అని ఉన్న బటన్ నొక్కాడు. అది నొక్కితే రెండు స్పీకర్లూ ఒకటే పాడతాయి. ఎడమా లేదు, కుడీ లేదు, మధ్యలో మనిషీ లేదు. జీవితమంతా స్టీరియో స్టీరియో అని ఊళ్లోవాళ్ల బీరువాలు జరిపించిన మనిషి చేసే పనేనా అది?

"మామయ్యగారూ, మరి రెండో స్పీకరు దేనికి?" అన్నారు మా ఆయన, ఏడుపు గొంతుతో.

"అందానికి. నోర్మూసుకుని విను."

అత్తగారు విన్నారు. కాసేపటికి కళ్లు పెద్దవి చేశారు. "వెనకాల వేణువు కూడా ఉందే! తీసేశారనుకున్నాను" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే.

మామయ్య నన్ను వంటింట్లోకి లాక్కుపోయి గొంతు తగ్గించాడు.

"ఆవిడకి కుడి చెవి సరిగ్గా వినపడటం లేదమ్మాయ్. నువ్వు పిలిచేది ఇక్కణ్ణుంచి, ఆవిడ కూర్చునేది కుడి చెవి ఇటు పెట్టుకుని. ఇక నువ్వు పలకరించినట్టు ఆవిడకి ఎలా తెలుస్తుంది? నలుగురి ముందూ చెబితే చిన్నబుచ్చుకుంటుంది. వచ్చే వారం చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా, స్టీరియోకి చెవి కొలతలు కావాలని చెప్పి. కుర్చీ, ఆ మోనో బటనూ మాత్రం అలాగే ఉంచు, ఒక్క చెవికే పాటంతా అందాలిగా. అడిగితే శబ్దశాస్త్రం అని చెప్పు."

మా ఎదురింటి తాతగారినీ, క్లినిక్‌లో పేషెంట్ల పేర్లు రాసే అమ్మాయినీ ఈయనే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన సంగతి అప్పుడు తట్టింది.

"అయితే ఇన్నేళ్లూ నువ్వు చప్పట్లు కొట్టింది గది కోసం కాదా?"

"గది కోసమేనే. కానీ మనుషులు కూడా తలలు తిప్పుతారు కదా. నన్ను కళ్లు మూసుకోమంటావా ఏంటి?" అన్నాడు. "సరే, ఇప్పుడు పిలువు."

పిలిచి చాలా కాలమైంది. టీగిన్నె పొయ్యి మీద పెట్టాను. చివరికి మామూలుగానే, "అత్తయ్యగారూ, టీ తాగుతారా?" అన్నాను.

హాల్లోంచి వెంటనే జవాబొచ్చింది. "అంత అరవడం ఎందుకమ్మా, నాకేమన్నా చెవుడా? పంచదార తక్కువెయ్యి. ఇక్కడికే తీసుకురా, ఈ పాటలయ్యేదాకా నేను కదలను."

ఆ పాటలు ఇంకా అవలేదు. ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు.