రత్నమణి మార్చని గుర్తులు

రత్నమణి తండ్రి దాసన్న కోయిలకుంట్ల దగ్గర కూలి చేసుకునే మనిషి. కూతుర్ని మిషన్ బడిలో వేసి, ఎవరేమన్నా వినకుండా బి.ఏ. దాకా చదివించాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది ఆమెకు అక్కడే ఒక పరిశోధనలో ఉద్యోగం దొరికింది. దాన్ని నడిపే శ్రీనివాసులు మద్రాసులో మనస్తత్వశాస్త్రం చదివి వచ్చినవాడు.

కరువు చూసిన ఆలూరు వైపు పిల్లల చేత "మా ఇల్లు" అని వ్యాసాలు రాయించారు. ప్రతి వాక్యాన్నీ చదివి, అందులో కనిపించేది కోపమో, భయమో, సంతోషమో చూసి పట్టికలో ఆ పేరున్న గడిలో గుర్తు పెట్టాలి. ఒకరి ఇష్టాయిష్టాలు చొరబడకుండా రత్నమణి, గోపన్న అనే మరో ఉద్యోగి అవే వ్యాసాలను విడివిడిగా చదవాలి. ఇద్దరి గుర్తులూ చాలావరకు కలిస్తేనే ఫలితాన్ని నమ్మవచ్చు. పిల్లల మాటను ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు కూడా ఉన్నారని రత్నమణి మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. కొట్టడం, కోయడం, నరకడం అనే మాట ఎక్కడ కనిపించినా కోపం కింద వేయమని నియమాల్లో ఉంది. గోపన్న అలాగే వేశాడు. ఆ పిల్లలు కోసింది జొన్న, కొట్టింది కంది, నరికింది కంప. గంజి కోసం నిలబడి నిలబడి మాయమ్మ పడిపోయిందని ఒక పిల్ల రాస్తే దానికి గడే లేదు, "ఇతరములు"లో పడింది. రత్నమణి మాత్రం వాక్యం మొత్తం చదివి గుర్తు పెట్టింది. ఇద్దరివీ కలవలేదు.

శ్రీనివాసులు నియమాలను సరిదిద్దలేదు. ఆమెను పిలిచి, గోపన్న గుర్తులకు సరిపోయేలా మార్చమన్నాడు. నువ్వూ ఈ సీమదానివే, జాలి అడ్డం వస్తోందని కూడా అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"విడివిడిగా చదవమన్నది మీరే గదా సార్. నాది చెరిపి ఆయనది రాసేదానికి ఇద్దరెందుకు?"

మార్చనని చెప్పి కాగితాలు బల్ల మీద పెట్టేసింది. ఆ నెలతో ఉద్యోగం పోయింది. ఊరికి తిరిగి వచ్చి మిషన్ బడిలో టీచరుగా చేరింది.

కొన్నాళ్లకు నివేదిక అచ్చయింది. సీమ పిల్లల్లో చిన్నప్పటి నుంచే కోపం ఎక్కువని తేల్చారు. చదివిన ఇద్దరి అభిప్రాయమూ ఒకటేనని రాసి, కింద ఆమె పేరు కూడా వేశారు.

రత్నమణి బస్సెక్కి నేరుగా కర్నూలు ఆఫీసుకు వెళ్లింది. అచ్చయిపోయాక ఏం చేయగలమని శ్రీనివాసులు చేతులు దులుపుకున్నాడు. గోపన్న తల ఎత్తలేదు. ఆమె అక్కడున్న నివేదిక ప్రతిని ఒకదాన్ని తెరిచి, తన పేరు మీద గీత గీసి, పక్కన సిరాతో రాసింది: "ఇది అబద్ధం. నేను ఒప్పుకోలేదు." శ్రీనివాసులు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మిగతా ప్రతులు పోవలసిన చోట్లకల్లా పోయాయి.

ఇంటికొచ్చి చెబితే, నీ పేరు ఎవరు చూస్తారులేమ్మా, వదిలేయమన్నాడు దాసన్న.

"నా పేరు సంగతి కాదు నాయనా. ఆకలితో ఉండే పిల్లోళ్లను కోపిష్టోళ్లని రాసినారు. దానికి నన్ను సాక్షిగా పెట్టినారు."

నివేదిక చేరిన ప్రతి కాలేజీకీ రత్నమణి ఉత్తరం రాసింది. ఒక్కరూ జవాబివ్వలేదు. ఆమె రాయడం మానలేదు.